ద్రాక్షతోటకు పోయిన శుక్రవారం

బహ్రెయిన్‌లో ద్రాక్షతోట ఉందని మా ఆయన ఫోన్లో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. "ఎండ దెబ్బ తగిలిందా బావా? మజ్జిగ తాగి పడుకో," అన్నాను. ఆయన నాకు మేనమామ కొడుకు. ఊహ తెలిసినప్పటి నుంచీ బావా అనే పిలుస్తున్నాను. పెళ్ళయ్యాక కొత్తగా మర్యాదలు నేర్చుకోవడం నా వల్ల కాలేదు.

నేను అప్పటికి అక్కడే సల్మానియా ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. పెళ్ళైన నెలకే సెలవు అయిపోయి వచ్చేశాను. బావ ఊళ్ళో ఆటో తోలుకుంటూ ఉండిపోయాడు. ఏడాదికోసారి సెలవు మీద వెళ్ళడం, ఒకళ్ళకొకళ్ళు అలవాటు పడేసరికి మళ్ళీ విమానం ఎక్కడం. అలా కొన్నేళ్ళు గడిచాక ఎవరెవరి కాళ్ళో పట్టుకుంటే ఆయనకి హౌస్ డ్రైవర్ వీసా దొరికింది. హమద్ టౌన్‌లో ఆ వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అంటారు, ఆయన ఇంట్లో పని, గేటు పక్కన ఒక చిన్న గది. నేను నర్సుల హాస్టల్లో. ఒకే దేశంలో ఉన్నామన్న మాటేగానీ, కలిసేది శుక్రవారం ఒక్కరోజే. అదీ నా డ్యూటీ, ఆయన డ్యూటీ రెండూ ఒప్పుకుంటేనే. అయినా ఆ శుక్రవారాల కోసమే నేను బతికేదాన్ని, సిగ్గెందుకు చెప్పడానికి.

ఆ కఫీల్ మంచివాడే. జీతం ఆపడు, కసరడు. కానీ మహా నిష్ఠాపరుడు. ఆ ఇంట్లో సిగరెట్టు వాసన కూడా రాకూడదు. బావకి ముందున్న డ్రైవర్ ఒక కేరళ అతను. కారు సీటు కింద ఖాళీ మందు సీసా దొరికిందని, నాది కాదు మొర్రో అంటున్నా వినకుండా, సామాను సర్దించి విమానం ఎక్కించేశారట. ఖలాస్. ఈ మాట బావ పనిలో చేరిన రోజే కఫీల్ స్వయంగా చెప్పాడు. ఆ దేశంలో మందు అమ్మే దుకాణాలు లేకపోలేదు, కొనుక్కునేవాళ్ళు కొనుక్కుంటారు. కానీ ఆ ఇంటి గేటు లోపలికి మాత్రం ఆ వాసన రాకూడదు. అదొక్కటే ఆయన పెట్టిన షరతు. బావ పుట్టి బుద్ధెరిగాక మందు ముట్టినవాడు కాదు కాబట్టి మాకు ఆ షరతు ఒక షరతులాగే అనిపించలేదు.

ఇక ద్రాక్షల సంగతి. శుక్రవారం సాయంత్రాల్లో మా తెలుగు క్రైస్తవులం కొన్ని కుటుంబాలు కలిసి ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. నెలకోసారి ప్రభు బల్ల. ఆ బల్ల మీదికి రొట్టె, ద్రాక్షారసం ఒక్కో నెల ఒక్కో ఇంటివాళ్ళు తేవాలి. ద్రాక్షారసం అంటే కొన్న వైన్ కాదు, తండ్రీ! ఎండు ద్రాక్ష రాత్రంతా నానబెట్టి, ఉడికించి, పిండి, పల్చటి గుడ్డలో వడకట్టిన రసం. ఏమాత్రం పులవకూడదు. మా ఊళ్ళో మా అమ్మా అలాగే చేసేది, బహ్రెయిన్‌లో మా సంఘ పెద్దా అలాగే చెయ్యమనేవాడు. ఆ నెల వంతు మాది. భార్యాభర్తలుగా ఒక ఇంటివాళ్ళమని మా పేర వంతు రావడం అదే మొదటిసారి. హాస్టల్‌కీ గేటు పక్క గదికీ కలిపి దాన్ని ఒక ఇల్లు అనుకున్నారు పాపం.

బావకి బుదయ్య రోడ్డు వైపు ఒక తోటమాలి పరిచయం. కఫీల్ కుటుంబాన్ని చుట్టాలింటికి తీసుకెళ్ళి బయట కాచుక్కూచున్నప్పుడల్లా పక్క తోటలో ఆయనతో కబుర్లు చెప్పేవాడట. నిజామాబాద్ వైపు సాయిబు, పెద్దవయసు మనిషి. ఆయన చూసుకునే తోటలో ఖర్జూరం చెట్ల మధ్య ద్రాక్ష పందిరి ఉందట. "మీ నమాజుకు ద్రాక్షలు కావాలంటివి గద తమ్మీ, ఇంటామెను తోలుకొని రా," అన్నాడట. బావ కఫీల్‌ని అడిగాడు. కఫీల్ ఏ కళనున్నాడో, కారు తీసుకెళ్ళమన్నాడు. మధ్యాహ్నం అసర్ నమాజు అవగానే నువైద్రాత్‌లో తన చెల్లెలింట్లో ఉన్న తల్లిని ఎక్కించుకుని ఇంటికి తీసుకురావాలి, అంతవరకూ నీ ఇష్టం అన్నాడు.

ఆయన బహ్రెయిన్ వచ్చాక మేమిద్దరం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కలిసి ఎక్కడికైనా వెళ్ళడం అదే మొదలు. నేను ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకున్నాను. పులిహోర చేసి డబ్బాలో పెట్టాను. జులై నెల. హాస్టల్ మెట్లు దిగేసరికే చెమట ధారలు కట్టింది. అయినా కారులో ముందు సీట్లో బావ పక్కన కూర్చుంటే నాకు మహారాణిలా ఉంది. "ఏమే, కాలు మీద కాలేసుకున్నావ్, కారు నీదేనా?" అన్నాడు బావ. "డ్రైవర్ నాది కదా," అన్నాను.

తోట నేను అనుకున్నంత పెద్దదేం కాదు. మట్టిగోడ, లోపల ఖర్జూరం చెట్లు, వాటి నీడలో నిమ్మ, దానిమ్మ, ఒక మూల గడ్డి. పందిరి మాత్రం నిజంగానే ఉంది. ఎర్రనలుపు గుత్తులు వేలాడుతున్నాయి. సగం పిట్టలు పొడిచేశాయి. తోటమాలి భాయ్ మమ్మల్ని చూసి పొంగిపోయాడు. "రా బిడ్డా, నేను దుబాయికి అచ్చినకాడికెళ్ళి మన తెలుగు ఆడిపిల్ల ఈ తోటల కాలువెట్టుడు ఇదే మొదలు," అన్నాడు. ఆయనకి గల్ఫ్ అంతా దుబాయే. మాకు గొంగళి పరిచి, ఆయన జుమ్మా నమాజుకు వెళ్ళొచ్చాడు. వచ్చాక ముగ్గురం పులిహోర తిన్నాం.

బయల్దేరేముందు భాయ్ మోటారు గదిలోకి వెళ్ళి ఒక ప్లాస్టిక్ నీళ్ళ క్యాను తెచ్చాడు. నిండా ఎర్రటి రసం. మూత బిగించి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, తాడుతో కట్టేసి ఉంది.

"పిట్టలు తింటున్నయని ముందే తెంపి పిండి పెట్టిన బిడ్డా. మీకెందుకు తక్లీఫ్ అని. నమాజుకు చేసినట్టే ఒజూ చేసుకొని, చేతులు మంచిగ కడుక్కొనే పిండిన. మీ దేవునిది గద," అన్నాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరి దేవుడికో ఆయన అంత శుచిగా పిండి పెట్టాడు. ఎప్పుడు పిండావు భాయ్ అని అడగాలని తట్టలేదు. క్యాను కడుపు కొంచెం ఉబ్బి ఉంది. నిండా పోశాడు కాబోలు అనుకున్నాను. భాయ్ మందు మొహం ఎరగడు, మేమూ ఎరగం. ఉడికించని ద్రాక్షరసం ఆ ఎండల్లో మోటారు గదిలో ఉంటే ఏమవుతుందో ఆ తోటలో ఉన్న ముగ్గురిలో ఎవ్వరికీ తెలియదు. ఎండు ద్రాక్ష ఉడకబెట్టుకునేవాళ్ళకి ఏం తెలుస్తుంది! బావ దాన్ని తువ్వాల్లో చుట్టి, వెనక సీటు మీద పడుకోబెట్టాడు.

బుదయ్య రోడ్డు మీద కొంత దూరం వచ్చామో లేదో వెనక నుంచి సన్నగా బుసలాంటి చప్పుడు వినిపించింది. "ఏసీయా?" అన్నాను. బావ ఏసీ తగ్గించి చూశాడు. చప్పుడు ఆగలేదు. నేను వెనక్కి తిరిగి చెయ్యి చాచేలోపు ఢామ్మని పేలింది. టైరు పేలిందనుకుని బావ బ్రేకు తొక్కాడు. వెనకొచ్చేవాడు హారన్ మోగించి తిట్టుకుంటూ పోయాడు. నా తల మీద, బావ వీపు మీద, కారు పైకప్పు మీద, లేత రంగు మెత్తటి సీట్ల మీద ఎర్రగా చిమ్మింది. ముందు రక్తమనుకున్నాను. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని కదా, మొదట బావ మెడ మీద చెయ్యేసి గాయం ఎక్కడా అని వెతికాను.

అప్పుడు వాసన వచ్చింది.

మా ఊళ్ళో సాయంత్రంపూట కల్లు దుకాణం ముందు నుంచి నడిచి వెళ్తే ముక్కు మూసుకునేవాళ్ళం. అదే వాసన, ఇంకా ఘాటుగా. వేలి మీదున్న చుక్క నాలికకి తాకించి చూశాను. చుర్రుమంది. "బావా, ఇది పులిసిపోయింది," అన్నాను. బావ కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. "అయిపోయిందే. నా పని అయిపోయింది," అన్నాడు.

నాకు కేరళ డ్రైవర్ గుర్తొచ్చాడు. ఖాళీ సీసాకే ఆ గతి పట్టింది. ఇక్కడ కారు మొత్తం స్నానం చేసి ఉంది, దాన్లో డ్రైవర్ కూడా స్నానం చేసి ఉన్నాడు. కాసేపట్లో ఆ ఇంటి పెద్దావిడ వచ్చి ఇదే వెనక సీట్లో కూర్చోవాలి.

అక్కడికి దగ్గర్లో ఒక కోల్డ్‌స్టోర్ కనిపించింది. అక్కడ చిన్న కిరాణా కొట్లని అలాగే అంటారు. నేను పరుగెత్తుకెళ్ళి నీళ్ళ సీసాలు, సబ్బుపొడి, నిమ్మకాయలు, ఒక సెంటు డబ్బా, చేతికందినవన్నీ పట్టుకొచ్చాను. కొట్టువాడు నా బట్టలు చూసి, వాసన చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ఎండలో ఇద్దరం వంగి సీట్లు తోమాం. నా చున్నీతోనే తోమాను. ఎర్రదనం కొంత పోయింది. వాసన మాత్రం తోమేకొద్దీ రేగింది. తడిసిన సీటు వేడికి ఉడుకుతుంటే కల్లు కుండ మూత తీసినట్టే ఉంది. పైన సెంటు కొడితే పూలదండ వేసుకున్న తాగుబోతులా తయారైంది కారు. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని. ఆరోజు ఏడుపొచ్చింది.

"కఫీల్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేస్తా," అన్నాడు బావ.

"ఏమని చెప్తావ్? ప్రార్థనకి తీసుకెళ్తున్న రసం పులిసి పేలిందనా? తాటిచెట్టు కింద కూచుని పాలు తాగినా కల్లు తాగాడనే అంటారు బావా. నువ్వు తాటిచెట్టు మొత్తం కారులో పెట్టుకున్నావ్."

"మరేం చెయ్యమంటావే? చెప్పకపోతే దాచినట్టు కాదా?"

నాకేం చెయ్యాలో తెలిస్తేగా! అరబ్బీలో చెబుదామన్నా నాకొచ్చిందంతా ఆసుపత్రి అరబ్బీ. నొప్పి ఎక్కడ, విరేచనం అయ్యిందా, నోరు తెరువు, ఊపిరి పీల్చు. ప్రభు బల్లకి అరబ్బీ మాట నాకెవరు నేర్పారు? మసీదులోంచి అసర్ పిలుపు వినిపించింది. నన్ను సల్మానియాలో దించి వెళ్ళే సమయం కూడా లేదు. "నేనూ వస్తాను. ఏదైతే అది, ఇద్దరం ఉందాం," అన్నాను. ధైర్యంతో అన్న మాట కాదు. ఆయన్ని అటు నుంచి అటే విమానాశ్రయానికి తీసుకుపోతారేమో, నేను హాస్టల్లో కూర్చుని ఫోన్ కోసం చూస్తుంటానేమో అని భయమేసి అన్నాను.

అద్దాలన్నీ దించి నడిపాడు. వేడి గాలి మొహాన కొడుతోంది. ఒక సిగ్నల్ దగ్గర మా పక్కనే పోలీసు మోటారుసైకిల్ వచ్చి ఆగింది. తాగి బండి నడిపితే ఆ దేశంలో ముందు జైలు, తర్వాత విమానం. తాగలేదని ఊది నిరూపించుకోవచ్చు, కానీ ఆలోపు కఫీల్‌కి ఫోన్ వెళ్తుంది కదా. పోలీసు అతను మా వైపు తిరిగాడు. తడిసిన చొక్కాతో బావ, జుట్టంతా అట్టకట్టుకుపోయి నేను. అతని ముక్కుపుటాలు కదిలినట్టే అనిపించింది నాకు. బావ ముందుకే చూస్తున్నాడు, కళ్ళార్పడం లేదు. ప్రభువా ప్రభువా అనుకుంటున్నాను, అంతకంటే ప్రార్థన రావడం లేదు. పచ్చ లైటు పడింది. మోటారుసైకిల్ ముందుకు దూసుకుపోయింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టేదాకా బావ కారు కదల్చలేదు.

నువైద్రాత్‌లో సందు చివర ఇల్లు. పెద్దావిడ అప్పటికే నల్ల అబాయా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళంతా అక్కడ అలాంటి పెద్దావిడని 'మామా' అంటారు. బావ ఆవిణ్ణి అలా పిలిచినప్పుడల్లా నాకు మెలితిప్పిన మీసాలతో మా మామ కళ్ళ ముందు కనిపించి నవ్వొచ్చేది. ఆవిడకి నేనంటే ఇష్టం. కాలి పుండు ఒకటి మానకపోతే నేను కట్టు కట్టాను కొన్నాళ్ళు. అప్పట్నుంచి నన్ను బింతీ అంటుంది, నా కూతురా అని. అరబ్బీలో నాలుగు హిందీ ముక్కలు కలిపి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా మాట్లాడుతుంది. మాట్లాడటం మొదలెడితే ఆపదు.

ఆరోజు కారు తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి, ఆగిపోయింది. గట్టిగా గాలి పీల్చింది. నేను దిగి సీటు మీద పొడి తువ్వాలు పరుస్తున్నాను. ఆవిడ కళ్ళు నా జుట్టు మీద, నా బట్టల మీద మరకల మీద, తర్వాత బావ మెడ మీద నిలిచాయి. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "నువ్వు వెనక కూర్చో బింతీ, నా పక్కన," అంది.

అక్కణ్ణుంచి హమద్ టౌన్ దాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. గట్టిగా పట్టుకుంది, పారిపోతాననుకుందో ఏమో. నేను మధ్యలో "మామా, ఇది..." అని మొదలుపెట్టాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, కళ్ళతో బావని చూపించి, వేలు పెదాల మీద పెట్టుకుంది. నాకేమీ అర్థం కాలేదు. కొడుకు ముందు నిలబెట్టి అప్పుడు అడిగిస్తుంది కాబోలు, దానికే నన్ను పట్టుకుంది అనుకున్నాను. అద్దంలో బావ కళ్ళు కనిపిస్తున్నాయి. కబేళాకి తోలుకెళ్ళే ఎద్దు చూపులు. ఇంత దూరం వచ్చి, ఇన్నాళ్ళకి ఒకే దేశంలో పడి, చివరికి దేవుడి కోసం తెచ్చిన రసం వల్ల విడిపోతామా అని నాకు దేవుడి మీదే కోపం వచ్చింది. గేటు పక్కన ఆ చిన్న గది, దాన్లో మేం ఉమ్మడిగా కొనుక్కున్న రైస్ కుక్కర్ కళ్ళ ముందు తిరిగాయి. ఆ కుక్కర్ ఎవరికివ్వాలి అని కూడా ఆలోచించాను. భయం ముదిరితే బుర్ర అలాంటి చోట్లకే పోతుంది.

కఫీల్ గేటు ముందే నిలబడి ఉన్నాడు. పాదాల దాకా తెల్లటి తోబ్, చేతిలో జపమాల. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన వచ్చి తల్లి వైపు తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే ఆగాడు. "ఏంటీ వాసన?" అన్నాడు. ఎవర్నీ చూడకుండా, చాలా నెమ్మదిగా అన్నాడు. బావ కారు దిగి నిలబడ్డాడు.

పెద్దావిడ అప్పుడు మాట్లాడింది. గబగబా, విసుగ్గా, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే. కూతురు ఇంట్లో చేసిన ఖర్జూరం వెనిగర్ సీసా ఇచ్చిందట, మూత సరిగ్గా పెట్టుకోలేదట, చేతిలోంచి జారి కారంతా పాడైందట. ఈ పిల్ల మీద కూడా పడిందట. "డ్రైవర్ ఏం చేస్తాడు, తప్పు నాది. యల్లా, ముందు నన్ను దించు, మోకాళ్ళు పట్టేశాయి," అంది. నేను విన్నది నిజమేనా అని నా చెవుల్ని నేనే నమ్మలేదు. కఫీల్ ఇంకోసారి వాసన చూశాడు. బావని చూశాడు. తల్లి మళ్ళీ విసుక్కుంది. ఆయన నవ్వేసి, అమ్మ చెయ్యి పట్టుకుని దించాడు. "కారు కడిగించు," అన్నాడు బావతో. అంతే.

పెద్దావిడ మాత్రం నా మణికట్టు వదల్లేదు. కాలి పుండు మళ్ళీ చూపించాలని కొడుకుతో చెప్పి నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు గడియ పెట్టింది. నేను ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. షుక్రన్ షుక్రన్ అంటూ ఏడ్చేశాను. ఆవిడ నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నా చుడీదార్ చేతులు మోచేతుల పైదాకా తోసింది. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమది, అటూ ఇటూ తిప్పి చూసింది. జుట్టు పక్కకి తీసి మెడ చూసింది. గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. రోజూ రోగులకి నేను చేసే పని ఆవిడ నాకు చేస్తోంది.

"ఎక్కడ కొడతాడు?" అంది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నెత్తి మీద ఎవరో కొట్టినట్టే అయింది. "లేదు మామా! లేదు, లేదు. నా మొగుడు తాగడు. ఎప్పుడూ తాగడు," అన్నాను. నాకొచ్చిన అరబ్బీ, హిందీ, చేతులు, కళ్ళు అన్నీ కలిపి చెప్పాను. తోట, ద్రాక్షలు, మా ప్రార్థన, మూత పేలడం, అంతా చెప్పాను. పేలడం చేతులతో చేసి చూపించాను. ఆయన నా మీద చెయ్యెత్తడం అటుంచి, గొంతెత్తితే నేనే రెండింతలు అరుస్తానని చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. చిన్నపిల్ల కథ చెబుతుంటే పెద్దవాళ్ళు వింటారు చూడండి, అలా విన్నది.

"మంచి కథ," అంది. "నేను మెట్ల మీంచి పడ్డానని చెప్పేదాన్ని."

తన కుడిచేతి అబాయా పైకి తోసింది. ఆ చెయ్యి ఆవిడ ఎప్పుడూ పూర్తిగా చాపకపోవడం నేను చూశాను. వయసు వల్ల కీళ్ళు పట్టేశాయనుకున్నాను. మోచేతి దగ్గర ఎముక వంకరగా అతుక్కుని ఉంది. ఎప్పుడో విరిగి, ఎవరూ కట్టు కట్టకపోతే దానంతటది అతుక్కున్న ఎముక. నాకు చెప్పక్కర్లేదు, అలాంటివి చూడటమే నా ఉద్యోగం. ఆవిడ ఎదురుగా గోడ మీద ఫొటో వైపు చూసింది. కఫీల్ తండ్రి. గడ్డం, చల్లటి చూపు. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా కఫీల్ గొంతు గద్గదమవుతుందని బావ చెప్పేవాడు.

"కార్లో ఉన్న వాసన నాకు తెలుసు బింతీ. తలుపు తియ్యకముందే తెలుసు. ఆ వాసన మెట్లెక్కుతుంటే నేను పిల్లల్ని తీసుకెళ్ళి లోపలి గదిలో పడుకోబెట్టేదాన్ని. నా కొడుక్కి ఇప్పటికీ తెలియదు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నీ మొగుడి పని తీయించెయ్యడం నాకెంతసేపు? తీయించేస్తే ఆ కోపం ఎవరి మీద చూపిస్తాడు? ఇక్కడే ఉండనీ. నా కళ్ళ ముందు ఉండనీ."

నేను మళ్ళీ చెప్పాను. దేవుడి మీద ఒట్టేసి చెప్పాను, మా ఆయన అలాంటివాడు కాదని. ఆవిడ నా తల నిమిరింది.

"నేనూ ఒట్టేసేదాన్ని," అంది.

ఆ సాయంత్రం మేం ప్రార్థనకి వెళ్ళలేదు. బల్ల మీదికి ఎవరో సర్ది రసం పెట్టారట. తోటమాలి భాయ్‌కి మాత్రం రసం చాలా బాగుందని బావ చెప్పాడు. ఉన్నది చెబితే, చేతులారా సారా కాశానని ఆ పెద్దమనిషి గుండె పగిలి చచ్చేవాడు. గదిలో జరిగింది బావకి చెప్పాను. "నేను నిన్ను కొడుతున్నాననుకుంటోందా ఆవిడ?" అన్నాడు. "అందుకే నీ వీసా ఇంకా ఉంది," అన్నాను. బావ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత మేం అక్కడ ఉన్నన్నాళ్ళూ, వెళ్ళిన ప్రతి శుక్రవారం పెద్దావిడ నన్ను గదిలోకి పిలిచేది. నేను చేతులు చాపేదాన్ని. ఆవిడ పైదాకా తోసి, అటూ ఇటూ తిప్పి చూసి, అల్‌హందులిల్లా, దేవుడి దయ, అని కిందికి దించేది. బావ గేటు దగ్గర తల వంచుకుని నిలబడేవాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది, నిజం నమ్మదేం ఈ ముసలావిడ అని. రానురానూ నమ్మించడం మానేశాను. ఆవిడ చెయ్యి విరిగిన రోజున ఇలా పిలిచి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు కదా. అందుకే వారం వారం చూపిస్తూనే ఉన్నాను.